టమాటాకు వేప కషాయం మంచిదే - మరి కూలి లెక్క యెక్కడ?

'పురుగుమందుల డబ్బాలు మానండి, కషాయాలు కొట్టండి, ఖర్చు తగ్గుతుంది' అని ప్రభుత్వం రైతులకు చెబుతూనే వున్నది. 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైన తర్వాత నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, దశపర్ణి కషాయం అనే పేర్లు మదనపల్లె వైపు టమాటా పల్లెల్లో కూడా వినపడుతున్నాయి. మాట మంచిదే. విషం తగ్గితే అందరికంటే ముందు బాగుపడేది ఆ విషాన్ని వీపున మోసే కూలివాడే. దీన్ని మనం వ్యతిరేకించనక్కర లేదు. కాని ఖర్చు తగ్గుతుందని వేసే లెక్కలో ఒక పద్దు తరచు జారిపోతున్నది. అది కూలి పద్దు. గింజ చెట్టుకింద వూరికే దొరుకుతుంది గనుక కషాయం వూరికే వస్తుందని చెప్పేవారు, ఆ గింజను యెవరు ఏరారు, యెవరు దంచారు, యెవరు కొట్టారు అన్నది అడగరు.

టమాటా రైతుకు యీ మాట యెందుకు రుచిస్తున్నదో ముందు చూడాలి. టమాటా పంట ఒక జూదం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటి పలికిన కాయ, సెప్టెంబరు నాటికి కోత కూలి కూడా రాని ధరకు పడిపోయింది. నారు, కట్టెలు, దారం, ఎరువు, మందులు అన్నీ అప్పు మీద తెచ్చి, ధర యెంత పలుకుతుందో తెలియక పంట పెట్టే కౌలు రైతుకు మందుల అంగడి బాకీ మెడకు వురి. ఆ బాకీ తగ్గే దారి వుందంటే అతను వింటాడు. వినడం తప్పు కాదు. ఆ తగ్గిన బాకీ కూలివాడి కష్టం మీదికి మారకుండా చూడడమే మన పని.

కషాయం చేసేది, చేయలేనిది

వేపగింజలో అజాడిరక్టిన్ అనే పదార్థం వున్నది. ఇది డబ్బా మందులాగా పురుగును వెంటనే చంపదు. ఆకు చేదెక్కి పురుగు తిండి మానేస్తుంది, కుబుసం సరిగా విడవలేక పెరుగుదల ఆగుతుంది, తల్లి పురుగు ఆ ఆకు మీద గుడ్లు పెట్టడానికి జంకుతుంది. కాబట్టి గుడ్డు దశలో, పిల్ల పురుగు దశలో కొడితేనే ఫలితం. కాయతొలుచు పురుగు ఒకసారి కాయలో దూరిన తర్వాత పైన యెంత చేదు పోసినా దానికి తగలదు. 2014లో మహారాష్ట్రలో మన దేశంలో మొదటిసారి కనపడి తర్వాత దక్షిణాదికి పాకిన టూటా పురుగు కూడా అంతే. అది ఆకు పొరల మధ్య సొరంగం చేసుకుని దాక్కుంటుంది. ఆకుముడత తెగులును తెల్లదోమ మోసుకొస్తుంది. కషాయం దోమను తగ్గించగలదు గాని, తెగులు సోకిన మొక్కను బాగు చెయ్యలేదు.

ఇంకొక సంగతి. అజాడిరక్టిన్ యెండకు నిలవదు, కొద్దిరోజుల్లో విరిగిపోతుంది. అందుచేత సాయంత్రం పూట కొట్టాలి, వారం పది రోజులకోసారి మళ్ళీ కొట్టాలి, ఆకు అడుగుభాగం తడిసేటట్టు కొట్టాలి. యీ మూడు షరతులూ యెవరి మీద పడతాయి? పంపు మోసేవాడి మీదే.

ఎకరానికి యెంత పని?

అయిదు శాతం కషాయానికి నూరు లీటర్ల నీటికి 5 కిలోల వేపపప్పు కావాలి. పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున పిండి, వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి వాడాలి. కట్టెలు పాతి పైకి కట్టిన టమాటా తోట యెదిగిన తర్వాత ఎకరానికి సుమారు 200 లీటర్లు పడుతుంది. అంటే ఒక్క తడవకు 10 కిలోల పప్పు. పెంకు తీస్తే గింజ తూకంలో సుమారు సగమే పప్పు మిగులుతుంది గనుక 20 కిలోల గింజ కావాలి. పంటకాలంలో అయిదుసార్లు కొట్టినా ఎకరానికి క్వింటాలు గింజ.

యీ క్వింటాలు గింజ మార్చి నెలలో పొలం గట్టున దొరకదు. వేపపండ్లు రాలేది జూన్, జూలై నెలల్లో. అప్పుడే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనె సంచుల్లో దాచాలి. బూజు పడితే చేదు పోతుంది, చేదు పోయిన గింజతో చేసిన కషాయం వట్టి నీళ్ళు. ఏరడం, కడగడం, ఆరబెట్టడం, పెంకు కొట్టడం, దంచడం, పిండడం - యివన్నీ యెక్కువగా ఆడకూలీలు చేసే పనులు. 'ఖాళీగా వున్నప్పుడు నాలుగు గింజలు ఏరండమ్మా' అని వాళ్ళకు చెబుతారు. కూలి ఆడదానికి ఖాళీ యెప్పుడు దొరికింది? పైగా దంచే పని పగటి కూలి అయిపోయిన తర్వాత, కలుపు తీసి వచ్చిన చేతులతోనే చేయిస్తారు. అది ఏ కూలిలో జమ? ఏ జమా లేదు.

మందు కొట్టేవాడి సంగతి చూడండి. 16 లీటర్ల పంపుతో 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండు, పదమూడు పంపులు. నిండు పంపు బరువు దాదాపు 20 కిలోలు. కషాయం సరిగా వడగట్టకపోతే నాజిల్ పూడుకుపోతుంది, ఆగి కడుక్కోవాలి. డబ్బా మందు కొట్టిన దానికంటే యెక్కువసార్లు, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా వంగి కొట్టాలి. రైతుకు డబ్బా ఖర్చు తగ్గిన మాట నిజం. కాని ఆ ఖర్చులో ఒక భాగం మాయం కాలేదు, కూలీల చెమటగా మారింది. ఆ చెమటకు ధర కట్టమనడం రైతు మీద పగ కాదు, న్యాయమైన లెక్క.

చెట్టు మందైతే ప్రమాదం లేదా?

'ఇది ప్రకృతి మందు, చేతికి తొడుగు యెందుకు?' అనే మాట పల్లెల్లో బాగా చెల్లుతున్నది. యీ మాట అబద్ధం. అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తారు. పొగాకులోని నికోటిన్ చెట్టునుంచి వచ్చిందే, అయినా తడిచర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుడు, వాంతులు, తలనొప్పి వస్తాయి. ఆ నికోటిన్‌తో తయారైన నికోటిన్ సల్ఫేట్ మందు వాడకాన్ని మన ప్రభుత్వమే 1992లో నిషేధించింది. దశపర్ణి కషాయంలో ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు ఆకులు కూడా వేస్తుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఉమ్మెత్త నలిపిన చేత్తో కన్ను నులుముకుంటే కంటిపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. గన్నేరు ప్రాణాంతక విషమని పల్లెల్లో తెలియనివారు లేరు. అలాంటి ఆకులను వట్టి చేతులతో రోట్లో దంచేది మన ఆడవాళ్ళు. పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు.

1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లో మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఇవ్వాలని రాశారు. ఆ నిబంధన డబ్బా మందులకే పల్లెల్లో అమలు కాలేదు. ఇక యింట్లో కాచిన కషాయానికి లేబులే లేదు, అడిగే అధికారీ లేడు. వేపగింజల కషాయం వీటన్నిటికంటే మేలు, ప్రమాదం బాగా తక్కువ. పొగాకు, ఉమ్మెత్త కషాయాలను దానితో ఒకే గాటన కట్టకూడదు.

సీసాలో దిగిన చెట్టు

దంచే ఓపిక లేని రైతు కోసం అంగట్లో సీసాలు వున్నాయి. 'మొక్కల సారం', 'బయో మందు', 'పెరుగుదల టానిక్' అని పేర్లు. వేప మీద గుత్తాధిపత్యానికి కంపెనీలు యెంతకు తెగిస్తాయో మనకు తెలుసు. తెగుళ్ళ నివారణకు వేపనూనె వాడే పద్ధతి మీద డబ్ల్యు.ఆర్.గ్రేస్ అనే అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి 1994లో ఐరోపా పేటెంటు దక్కింది. మన దేశపు రైతులకు తరతరాలుగా తెలిసిన సంగతికి అదొక సొంత ఆస్తి పత్రం. ఆందోళన చేసి, కేసు నడిపితే 2000లో అది రద్దయింది. కంపెనీ అప్పీలు కూడా 2005లో కొట్టేశారు.

పేటెంటు పోయింది గాని వ్యాపారం పోలేదు. ఆకుల మీద చల్లే మొక్కల సారాలు, సముద్రపు నాచు సారాలు యేళ్ళ తరబడి పురుగుమందుల చట్టానికీ, ఎరువుల చట్టానికీ చిక్కకుండా అమ్ముడుపోయాయి. 2021లో గాని కేంద్రం వాటిని 'బయో స్టిమ్యులెంట్లు' అని పేరుపెట్టి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తేలేదు. బయో పేరుతో రసాయన మందు కలిపి అమ్మిన సరుకు అధికారుల తనిఖీల్లో పట్టుబడిన సందర్భాలు వున్నాయి. దీనివల్ల రైతు మోసపోతాడు, కూలివాడు రెండింతలు మోసపోతాడు. 'బయోనే కదా' అని ముక్కుకు గుడ్డ కట్టకుండా కొడతాడు, మర్నాడే ఆడవాళ్ళు అదే తోటలో వట్టి చేతులతో కాయ కోస్తారు.

మనం పట్టుబట్టవలసినవి

దారి లేదని కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పత్తి పంటలో పురుగుమందులు మానినప్పుడు, అక్కడి మహిళా సంఘం వేపగింజలు పొడిచేసే యంత్రం పెట్టుకున్నది. దంచే చాకిరి తగ్గింది, గింజ ఏరేవారికి ఆదాయం వచ్చింది. పంట వేరైనా పాఠం ఒకటే. చేసే పనికి ధర కట్టినచోట కషాయం నిలబడుతుంది.

కాబట్టి టమాటా పల్లెల్లో మన కార్యకర్తలు యీ కోరికలు ముందుకు తేవాలి. ఒకటి, గింజ ఏరడం, ఆరబెట్టడం, దంచడం, కషాయం కాచడం కూలి పనిగా లెక్కించాలి. ఆడ మగ తేడా లేకుండా రేటు కట్టాలి. సాయంత్రం పిచికారీకి విడిగా కూలి ఇవ్వాలి. రెండు, పంచాయతీకొక గింజ నిల్వ గది, పొడిచేసే యంత్రం ప్రభుత్వ ఖర్చుతో పెట్టి కూలి మహిళల సంఘాలకు అప్పగించాలి. జూన్, జూలై నెలల్లోనే గింజకు ధర ప్రకటించి కొనాలి. మూడు, పొగాకు, ఉమ్మెత్త, గన్నేరు వంటివి కలిపే కషాయాలకు కూడా తొడుగులు, ముక్కుగుడ్డ, కళ్ళద్దాలు ఇవ్వనిదే పని చేయించరాదు. నాలుగు, బయో సీసాల నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాన్ని రైతు సేవా కేంద్రాల గోడమీద తెలుగులో అంటించాలి. అయిదు, ఏ మందు యెప్పుడు కొట్టారో కోత కూలీలకు ముందే చెప్పాలి.

చిన్న రైతుకూ కూలికీ యిందులో తగవు లేదు. కౌలు రైతు యింటి ఆడవాళ్ళు కూడా అదే రోట్లో దంచుతున్నారు. యంత్రం వస్తే, గింజకు ధర వస్తే యిద్దరికీ మేలే. యీసారి వేపపండు రాలే లోపలే ఊరూరా కూలీలను, కౌలు రైతులను ఒకచోట కూర్చోబెట్టి ఏరే రేటు, దంచే రేటు, కొట్టే రేటు తేల్చుకోవాలి. గింజ సంచుల్లోకి యెక్కిన తర్వాత అడిగితే మన మాట చెల్లదు.