సర్కారు లాయర్ ఎవరి లాయర్?

2025 జూన్‌లో ట్రంప్ 12 దేశాల వారు అమెరికాకు రాకుండా మళ్లీ నిషేధం పెట్టారు. 2017లో మొదటిసారి ఇలాంటి ఆర్డర్ వచ్చినప్పుడు ప్రభుత్వంలో ఉంటూనే కాదన్న లాయర్ శాలీ యేట్స్.

యేట్స్ 1989లో అట్లాంటాలో ప్రాసిక్యూటర్‌గా చేరారు. 1996 ఒలింపిక్స్ బాంబు కేసులో ఎరిక్ రుడాల్ఫ్‌పై ప్రాసిక్యూషన్ నడిపింది ఆమే. కాబట్టి టెర్రరిజం అంటే ఏంటో తెలియని మనిషి కాదు.

2015లో డిప్యూటీ అటార్నీ జనరల్ పదవికి ఆమె పేరు వచ్చినప్పుడు సెనేటర్ జెఫ్ సెషన్స్ సూటిగా అడిగారు: అధ్యక్షుడు తప్పు పని చెప్తే కాదంటారా? చట్టాన్ని, రాజ్యాంగాన్ని పాటించడమే తన బాధ్యత అని ఆమె జవాబిచ్చారు.

2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాలపై నిషేధం వచ్చింది. అప్పుడు తాత్కాలిక అటార్నీ జనరల్‌గా ఉన్న యేట్స్, 30న దాన్ని కోర్టులో సమర్థించవద్దని తన శాఖ లాయర్లకు చెప్పారు. ఆ రాత్రే ఉద్యోగం పోయింది. ఆ తర్వాత అదే పదవి సెషన్స్‌కు దక్కింది!

నచ్చకపోతే రాజీనామా చేయాల్సిందని విమర్శకులు అన్నారు. 2018లో మార్చిన మూడో ఆర్డర్‌ను సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది కూడా. మరి ఆమె ఓడిపోయారా? మొదటి ఆర్డర్ మాత్రం కోర్టుల్లో నిలవలేదు, ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. సర్కారు జీతం తీసుకునే లాయర్ కుర్చీలో ఉన్నవారికి కాదు, చట్టానికి జవాబుదారీ అన్న మాటకు 27 ఏళ్ల ఉద్యోగమే ఆమె కట్టిన ధర.