అబ్బాయి గేమింగ్ కంప్యూటర్ అడిగితే...

వదినగార్లూ! కొబ్బరి దింపు డబ్బులు చేతికి రాగానే ఇంట్లో కుర్రాళ్ళు గేమింగ్ కంప్యూటర్ కావాలని పోరు పెడతారు. "ఆటలకి అంత డబ్బా?" అని కసరకండి. కొనేదేదో ఏడెనిమిదేళ్ళు వచ్చేలా కొనిపించండి, చాలు.

పిల్లలు లైట్లు మెరిసే పెట్టె చూసి పడిపోతారు. గ్రైండరు కొనేటప్పుడు మనం రంగు చూస్తామా, మోటారు చూస్తామా? ఇక్కడా అంతే. ముందు మదర్‌బోర్డు. మిగతావన్నీ కూర్చునే పీట అది. ఏఎండీ కంపెనీ ఏఎం4 రకం బోర్డులు 2017లో వచ్చాయి. వాటిలో చాలావాటికి, బయాస్ మార్పిస్తే 2022 నాటి ప్రాసెసర్ కూడా పడుతుంది. ఇప్పుడు కొనేవారికి ఏఎం5 మేలు. 2027 వరకూ దాన్ని వదలమని కంపెనీ చెప్పింది. దీనికి పాత మెమరీ పనికిరాదు, డీడీఆర్5 కొనాలి సుమండీ.

తరువాత ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటు పంచే డబ్బా. మన సీమలో గాలివానొస్తే కరెంటు ఎలా ఊగుతుందో మీకు వేరే చెప్పాలా! నాసిరకం డబ్బా తాను పోతూ మిగతావాటినీ పట్టుకుపోవచ్చు. 80 ప్లస్ గుర్తు కరెంటు వృథా తక్కువని చెబుతుందే గాని, గట్టితనం చెప్పదు. పేరున్న కంపెనీది, వారంటీ ఎక్కువ ఏళ్ళున్నది అడగండి. పాత పెంకుటిళ్ళవాళ్ళు ఎర్తింగు కూడా చూపించుకోండి.

గ్రాఫిక్స్ కార్డు మధ్యరకం చాలు. నాలుగేళ్ళకి అదొక్కటీ మార్చుకోవచ్చు. దుమ్ము దులిపే పని మాత్రం అబ్బాయికే అప్పజెప్పండి!