పైరు ఊపిరికి పరాయి లెక్కలా?

మన పత్రికలు వేసవి వచ్చిందంటే ఊరూరి ఉష్ణోగ్రతలు అచ్చువేస్తాయి. రెంటచింతల ఎంత, రామగుండం ఎంత అని చదువుకొని నిట్టూరుస్తాం. మంచిదే. కాని థర్మామీటరు చెప్పేది గాలి ఎంత వేడిగా వున్నదనే గాని, ఆ వేడి ఎక్కడినుంచి వచ్చిందో, ఎటు పోతున్నదో కాదు. బావిలో నీరు ఎన్ని అడుగులున్నదో చూచినంత మాత్రాన రోజుకు ఎంత ఊరుతున్నది, ఎంత తోడుతున్నారు అనేది తెలుస్తుందా? నిలవ వేరు, రాకపోకలు వేరు. నేలకూ పైరుకూ ఆకాశానికీ మధ్య రాత్రింబవళ్ళు రాకపోకలు జరుగుతూనే వున్నాయి. వేడి, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ – ఇవీ ఆ ప్రయాణికులు. వీటిని కొలిచే పని మన విశ్వవిద్యాలయాలు చేపట్టి, ఏళ్ళ తరబడి మానకుండా చెయ్యాలనీ, చెయ్యనంతకాలం మన పొలాల లెక్క ఇతరులే రాస్తారనీ నా అభిప్రాయం. వార్షిక సంచికలో ఇటువంటి శుష్క విషయమెందుకయ్యా అనే మిత్రులు కాస్త ఓపిక పట్టి చదవ ప్రార్థన.

ముందు ఒక ఎకరం వరిచేను తీసుకుందాం. పైరు ఏపుగా వున్న రోజుల్లో మడిలోని నీటినుంచీ, ఆకుల రంధ్రాలనుంచీ కలిపి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరి కావటం మామూలే. 5 మిల్లీమీటర్లంటే ఎంతో కాదనిపిస్తుంది. ఎకరానికి లెక్కవేస్తే 20 వేల లీటర్లు! ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి కావాలి. ఆ లెక్కన ఎకరం చేను ఒక్కరోజులో ఆవిరి రూపంలో పైకి పంపే వేడిని తొలగించాలంటే, ఒకటిన్నర టన్నుల ఎయిర్ కండిషనర్లు నూరు తెచ్చి రాత్రింబవళ్ళు నడపాలి. కరెంటు బిల్లు లేకుండా ఆ పని చేస్తున్న పైరును మనం దారిన పోతూ చూచి, పచ్చగా వుందని మాత్రం అంటాం.

ఎండ రూపంలో నేలకు జమ అయిన శక్తి మూడు పద్దుల కింద ఖర్చవుతుంది. కొంత మట్టిలోకీ నీటిలోకీ దిగుతుంది. కొంత గాలిని వేడిచేస్తుంది. మిగతాది నీటిని ఆవిరి చేస్తుంది. గాలిని వేడిచేసిన దానికీ, ఆవిరికైన దానికీ గల నిష్పత్తినే బోవెన్ నిష్పత్తి అంటారు. ఐ.ఎస్. బోవెన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1926లో దీన్ని వివరించాడు. నీళ్ళు నిలిచిన వరిచేలో ఈ నిష్పత్తి ఒకటికంటే బాగా తక్కువ. కోత కోసి, నేల నెర్రెలిచ్చిన తరువాత అదే చేలో ఒకటిని దాటిపోతుంది. చేను అదే, ఎండ అదే. ఖర్చు పద్దు మారింది. చెరువులు పూడ్చి, చేలు ప్లాట్లు చేసినచోట ఊరు ఎందుకు ఉడికిపోతుందో ఈ ఒక్క నిష్పత్తి చెబుతుంది.

మరి కొలవటం ఎట్లా? పాత పద్ధతి బాష్పీభవన పాత్ర. నాలుగడుగుల వెడల్పున్న గుండ్రని తొట్టిలో నీరు పోసి, కాకులూ కుక్కలూ తాగకుండా వల కప్పి, రోజూ ఉదయం ఎంత తగ్గిందో చూస్తారు. చవకైనది, నమ్మదగినది; అయితే తొట్టిలో పైరు లేదు. అందుకని ఇంకొక పద్ధతి వచ్చింది. మట్టితో, పైరుతో సహా ఒక పెద్ద తొట్టిని చేలోనే పాతి, దాని బరువు తూస్తారు. లైసీమీటరంటే అదే. వాయువుల విషయంలోనైతే నాలుగు దుబ్బులమీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, లోపలి గాలిని కొంతకొంత వ్యవధిలో సిరంజితో తీసి పరీక్షిస్తారు.

వీటన్నిటికంటే నేరుగా కొలిచేది ఎడ్డీ కోవేరియన్స్ అనే పద్ధతి. పేరు చూచి బెదరనక్కరలేదు. పెళ్ళిపందిరి ద్వారం దగ్గర నిలబడ్డామనుకోండి. లోపలికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఏమున్నది, బయటికి వచ్చేవాళ్ళ చేతుల్లో ఏమున్నది అని ప్రతి మనిషినీ చూచి రాసుకుంటే, పందిట్లోకి అడుగుపెట్టకుండానే ఎన్ని తాంబూలాలు పంచారో చెప్పగలం. పైరుమీది గాలి సుళ్ళు తిరుగుతూ వుంటుంది. ఒక సుడి పైకి లేస్తుంది, ఒకటి కిందికి దిగుతుంది. పైకి లేచేది ఎక్కువ ఆవిరినీ, దిగేది తక్కువ ఆవిరినీ మోస్తే, ఆ తేడాయే పైరు ఆకాశానికిచ్చిన నీరు. చేలో ఒక స్తంభం పాతి, ధ్వని తరంగాలతో గాలి వేగాన్నీ, పరారుణ కిరణాలతో ఆవిరినీ బొగ్గుపులుసు వాయువునూ సెకనుకు పదిసార్లు కొలుస్తారు. అరగంటకు 18 వేల కొలతలు! ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో స్విన్‌బ్యాంక్ ఒకరు. ఆయన వ్యాసం 1951లో వచ్చింది. కంప్యూటర్లు వచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది.

ఇంత శ్రమ ఎందుకు, పైదేశాలవాళ్ళు కొలిచిన అంకెలున్నాయి కదా, వాటిని వాడుకుంటే పోదా అని అడగవచ్చు. దానికి జవాబు మన చరిత్రలోనే వున్నది.

నీరు నిలిచిన మడిలో మట్టికి ప్రాణవాయువు అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. ఆ వాయువులో ఎక్కువ భాగం వరిమొక్క కాడలోని గుల్లల గుండానే, పొగగొట్టంలో పొగ పోయినట్టు, పైకి పోతుంది. భూమి వేడెక్కటానికి కారణమైన వాయువుల్లో ఇదొకటి. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ ఒక అంచనా వేసింది. భారతదేశపు వరిపొలాలు ఏడాదికి సుమారు 3 కోట్ల 70 లక్షల టన్నుల మీథేన్ వదులుతున్నాయని దాని సారాంశం. ఎవరు కొలిచారు? మన పొలాల్లో ఎవరూ కొలవలేదు. పాశ్చాత్య దేశాల పొలాల్లో దొరికిన రేట్లను మన విస్తీర్ణంతో హెచ్చవేశారు, అంతే. నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి చెందిన డాక్టర్ ఎ.పి. మిత్రాగారు ఊరుకోలేదు. ఉపన్యాసాలూ ఇవ్వలేదు. 1991లో దేశంలోని అనేక పరిశోధనాలయాలను కూడగట్టి, చేలల్లో పెట్టెలు బోర్లించి కొలిపించారు. తేలిన అంకె సుమారు 40 లక్షల టన్నులు. అంటే అరువు అంకెలో తొమ్మిదో వంతు!

దీన్ని దేశభక్తి కథగా చెప్పటం నా ఉద్దేశం కాదు. కొలిస్తే ఆ అంకె ఎక్కువే తేలి వుండవచ్చు. అప్పుడు దాన్నీ ఒప్పుకోవలసిందే. నేను చెప్పేది ఒక్కటే: మట్టి వేరు, ఎరువు వేరు, నీరు పెట్టే తీరు వేరు అయినప్పుడు ఒక చేని లెక్క మరొక చేనికి చెల్లదు. కొలవనివాడికి కోపగించుకునే హక్కు వుండవచ్చు గాని, కాదని రుజువు చేసే శక్తి వుండదు.

ఇది ముప్పై ఏళ్ళనాటి ముచ్చట అనుకోకండి. ఇవాళ కార్బన్ క్రెడిట్ల పేరుతో వరిరైతుల దగ్గరకు కంపెనీలు వస్తున్నాయి. మడిని ఎప్పుడూ నింపి వుంచక, తడుపుతూ ఆరబెడుతూ సాగుచేస్తే నీరు ఆదా అవుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. ఇది నిజమే. అయితే ఆరబెట్టినప్పుడు నైట్రస్ ఆక్సైడు పెరిగే అవకాశమూ వున్నది. మన నల్లరేగడిలో ఎంత తగ్గింది, ఎంత పెరిగింది? ఆ అంకెమీదనే రైతుకు వచ్చే రూపాయి ఆధారపడి వుంటుంది. కాటా వాళ్ళదీ, పడికట్టు రాళ్ళు వాళ్ళవీ అయితే బేరం ఎట్లా వుంటుందో పత్తి అమ్ముకున్న ప్రతి రైతుకూ తెలుసు.

నీటి సంగతి మరీ దగ్గరిది. పది లక్షల ఎకరాల ఆయకట్టు అనుకుందాం. గోదావరి డెల్టా ఇంచుమించు అంతటిది. పైరు తాగే నీటి అంచనాలో రోజుకు ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, నూరు రోజుల పంటకు ఆ తేడా 14 టి.ఎం.సి.లు దాటుతుంది. ఒక టి.ఎం.సి. కోసం రాష్ట్రాలు ట్రిబ్యునళ్ళలో వాదించుకుంటున్నాయి. కాలవ చివరి రైతు లాకుల దగ్గర రాత్రిళ్ళు కాపలా పడుకుంటున్నాడు. అటువంటప్పుడు ఆ మిల్లీమీటరు చిన్నదా?

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. స్తంభం ఖరీదెక్కువ, నిజమే. మన కమతాలు చిన్నవి; అదీ నిజమే. పరికరం 3 మీటర్ల ఎత్తున వుంటే గాలి వచ్చే దిక్కున సుమారు 300 మీటర్ల మేర ఒకే పైరు వుండాలంటారు. అయితే కమతాలు ఎన్ని ముక్కలైనా, సార్వా రోజుల్లో డెల్టాలో గట్లే తప్ప పైరు మారదు. కనుచూపుమేర వరే. ఈ పనికి అంతకంటే అనువైన నేల ఎక్కడుంటుంది?

ఈ పద్ధతిలోనూ లోపమున్నదని మరికొందరంటారు. ఉన్నది. జమ అయిన శక్తిలో, వేడిగా ఆవిరిగా ఖర్చయినట్టు తేలేది పదినుంచి ముప్పై శాతం దాకా తక్కువ వస్తున్నదని ప్రపంచంలోని చాలా స్తంభాలు చెబుతున్నాయి. ఈ చిక్కు ఇంకా పూర్తిగా విడిపోలేదు. నన్నడిగితే, విద్యార్థికి ఇదే ఆకర్షణ కావాలి. పద్దు కుదరలేదని పైకి చెప్పుకునే శాస్త్రం దగ్గర నేర్చుకోవలసింది చాలా వుంటుంది.

మనకు వారసత్వం లేదా అంటే, దండిగా వున్నది. రామన్‌గారి శిష్యులు ఎల్.ఎ. రాందాస్‌గారు 1932లోనే పుణేలో వ్యవసాయ వాతావరణ శాఖను నెలకొల్పి, నేలను ఆనుకొన్న గాలిని పరిశీలించారు. వాల్తేరులో ఆచార్య వి.పి. సుబ్రహ్మణ్యంగారు భారతదేశపు నీటి జమాఖర్చుపై 1956లో ప్రకటించిన వ్యాసం అంతర్జాతీయ ఖ్యాతి పొందింది. 1990 వర్షాకాలంలో జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూర్‌లలో స్తంభాలు పాతి మాంట్‌బ్లెక్స్ ప్రయోగం చేశారు. ఆ తరువాత కటక్ వరి పరిశోధనాలయంలోనూ, కాజీరంగా అడవిలోనూ ఇటువంటి కొలతలు జరిగాయి. లోపమల్లా ఒక్కచోటే: కొనసాగింపు. అమెరికాలోని హార్వర్డ్ అడవిలో 1990ల మొదటినుంచి ఒకే చోట కొలుస్తూ వచ్చారు. అందువల్లనే ఒక అడవి ఊపిరి ఏడాదికీ ఏడాదికీ ఎంత మారుతుందో లోకానికి తెలిసింది. మన దగ్గర ప్రాజెక్టు మూడేళ్ళు, స్తంభం ముప్పై ఏళ్ళు! నేనొకచోట చూశాను – ప్రాజెక్టు ముగిసి, జీతమిచ్చే దిక్కులేక మనుషులు వెళ్ళిపోతే, స్తంభానికి కాకరపాదు అల్లుకున్నది. పాదు ఊపిరిని కొలిచేవాడు మాత్రం లేడు.

అందుచేత నా మనవి మూడు వర్గాలవారికి.

అధ్యాపకులకు: ఇది ఒక్క శాఖ పని కాదు. సుళ్ళ సంగతి భౌతికశాస్త్రానిది, ఆకు సంగతి వృక్షశాస్త్రానిది, మీథేన్ రసాయనశాస్త్రానిది, 18 వేల అంకెలు గణాంకశాస్త్రానివి, చేను వ్యవసాయశాస్త్రానిది. తలా ఒక చెయ్యి వేసి, పదేళ్ళు మూయబోమనే మాట మీద ఒక్క స్తంభం నిలపండి. వచ్చిన అంకెలను బీరువాలో దాచక అందరికీ ఇవ్వండి.

పూర్వ విద్యార్థులకు: కళాశాలకు ఆర్చీ కట్టిస్తామంటారు, విగ్రహం పెట్టిస్తామంటారు. మీ అభిమానానికి కృతజ్ఞులం. ఆ డబ్బుతో ఒక సాంకేతికునికి జీతం, బ్యాటరీలు, మరమ్మతులు పదేళ్ళపాటు చూడండి. దాతల పేర్లు చలవరాతి మీదకంటే లెక్కల పుస్తకంలో ఎక్కువకాలం నిలుస్తాయి.

విద్యార్థి మిత్రులకు: స్తంభం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక చేలో రెండు ఎత్తులలో పొడి, తడి బల్బు థర్మామీటర్లు కట్టండి. ఎండ లెక్క తోడైతే బోవెన్ దారిన ఆవిరి ఎంతో మీరే తేల్చవచ్చు. పక్కన ఒక తొట్టి పెట్టి సరిచూసుకోండి. సెలవుల్లో కూడా వంతులవారీగా వెళ్ళండి. ఆదివారమని పైరు ఊపిరి ఆపదు. పరీక్షకు పనికివస్తుందా అని అడిగేవాళ్ళుంటారు. పరీక్షకు రాకపోవచ్చు. కాని మీ తండ్రో మేనమామో సాగుచేసే చేనికి ఎంత నీరు కావాలి, అది ఆకాశానికి ఏమిస్తున్నది, ఏం తీసుకుంటున్నది అని రేపెవరైనా అడిగినప్పుడు, పరాయి పుస్తకం తిరగెయ్యకుండా జవాబు చెప్పగలిగినవాడు ఈ కళాశాలలో ఒక్కడైనా వుండాలి కదా!