వెన్నెముక యెడ మన కర్తవ్యము

రణమున పారిపోయినవానిని వెన్ను చూపెనందుము. ఆపదలో నిలిచినవానిని వెన్నుదన్ను అందుము. నమ్మించి చెఱచుటను వెన్నుపోటందుము. ధైర్యమునకును, స్నేహమునకును, ద్రోహమునకును మన భాషలో వెన్నే కొలత. మాటలలో నింత గౌరవము పొందిన యవయవమును నిత్యజీవితమున మన మెట్లు చూచుకొనుచున్నాము? అది మొఱపెట్టువఱకు దాని యునికినే తలపము. మొఱపెట్టిన పిమ్మట తైలములకును, పట్టీలకును పరుగెత్తుదుము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యిదియే.

మెడనుండి నడుము వఱకు కదలెడు పూసలు 24. వాని నడుమ 23 మెత్తని బిళ్లలు గలవు. వీనినే డిస్కు లందురు. ప్రతి బిళ్లకును వెలుపల గట్టి పీచు వలయములును, లోపల నీరు హెచ్చుగా గల జిగురు పదార్థమును ఉండును. జనులు "డిస్కు జారినది" అందురు గాని నిజమునకు బిళ్ల జారదు. వెలుపలి వలయము చిట్లి, లోపలి జిగురు వెలికి పొడుచుకొనివచ్చి, ప్రక్కనున్న నరము నొత్తును. నడుమునుండి తొడ వెనుకగా పాదము దాక ప్రాకెడు నొప్పికి ఇది ముఖ్యకారణమని బోస్టను నగర వైద్యులగు మిక్స్టర్, బార్ అనువారు 1934లో ప్రకటించిరి.

వలయ మొక్కనాటిలో చిట్లినట్లు తోచును. కాని పెక్కు సందర్భములలో అది యేండ్ల తరబడి నలిగి, తుద కొకనాడు చిన్న పనికే తెగును. బిందె యెత్తితిననియో, తుమ్మితిననియో రోగి చెప్పును. ఆ తుమ్ము నెపము మాత్రమే. అసలు నేరము అలవాటుది.

పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళములు పోవు. చుట్టునుండి ఊరు ద్రవమే దాని కాహారము. పగలెల్ల శరీరభారమునకు నలిగి నీరు కోల్పోవును. రాత్రి పండుకొన్నప్పుడు మరల పీల్చుకొనును. కావున తెల్లవాఱుజామున బిళ్లలు ఉబ్బి బిగువుగా నుండును. నిద్రలేచిన వెంటనే నేలకు వంగి బరువెత్తుట అందుచేతనే మంచిది కాదు. కదలిక లేక గంటల కొలది కూర్చుండుటయు నట్టిదే. మా న్యాయవాద వృత్తిలో దస్త్రముల ముందు ఉదయము కూర్చున్నవాడు సాయంకాలమునకు గాని లేవడు. నేడు అరచేతిలోని ఫోనుపై మెడ వంచి కూర్చుండు యువకులు మమ్ము మించినారు. అరగంట కొకసారి లేచి నాలుగడుగులు నడచుటకు ధనము వలదు, వైద్యుడు వలదు.

ఇక బరువెత్తు తీరు. ఇంటి వంటగ్యాసు సిలిండరు నిండుగా నున్నప్పుడు రమారమి 30 కిలోలు. దానిని చేయి చాచి దూరమునుండి, నడుము వంచి లాగితిమా, ఆ బరువు నడుముపై అనేక రెట్లై పడును. తులాదండమున కొసను వ్రేలాడు చిన్న రాయి పెద్ద బరువును లేపుట చూడలేదా? బరువునకు చేరువగా నిలువవలెను. పాదములు ఎడముగా నుంచి మోకాళ్లు వంచవలెను. వస్తువును ఒడలి కానించుకొని లేవవలెను. ఎత్తిన పిదప నడుము మెలిత్రిప్పక పాదములతో తిరుగవలెను. ఒంటరిగా కానిచో రెండవవానిని పిలుచుటలో అవమానము లేదు. దినదినము నడక, పొట్టకును వీపునకును బలమిచ్చు వ్యాయామము, పొగాకు విసర్జనము డిస్కులకు మేలు చేయును.

మొక్కై వంగనిది మానై వంగునా? పిల్లలకు ఈ పద్ధతి చిన్ననాడే నేర్పవలెను. బడిసంచి పిల్లవాని బరువులో పదియవ వంతు మించరాదని 2020 నాటి కేంద్రప్రభుత్వ విధానము చెప్పుచున్నది. తల్లిదండ్రు లెందఱు ఆ సంచిని తూచి చూచిరి?

నొప్పి వచ్చినచో బెదరవలదు. శస్త్రము లేకయే పెక్కురకు కొన్ని వారములలో నెమ్మదించును. దినముల తరబడి మంచము పట్టుట మేలు కాదు. ఓపినంత మెల్లగా తిరుగవలెను. నడుము విఱిచెద మనువారి చేత పడరాదు. అయితే మూత్రము బిగిసినను, వశము తప్పినను, తొడల సందున స్పర్శ పోయినను, పాదము చచ్చుపడినను క్షణము జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఇంతవఱకు మన వెన్ను మాట. మన బియ్యపు బస్తా మోయు హమాలీ వెన్ను మాట యేమి? మోకాళ్లు వంచుమని వానికి బోధించుట సులభము. లారీ నుండి గిడ్డంగికి బస్తాకు ఇంత కూలియని పరుగెత్తువానికి ఆ తీరిక యెక్కడిది? గాయము కలిగించునంత బరువు కార్మికునిచే మోయింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షను శాసించెను. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పురుషుడొక్కడు మోయు బరువు 55 కిలోలు మించరాదని సూచించెను. దానితోడి ఒడంబడికను భారతదేశము 2010లో అంగీకరించినది. పూర్వపు 100 కిలోల బస్తాకు బదులు 50 కిలోల సంచి వ్యాప్తికి వచ్చుట మేలే. కాని ఆ హద్దు బస్తాను తూచును గాని, బస్తాల నెన్నదు. దినమునకు నూఱుమార్లు 50 కిలోలు మోసిన వెన్ను ఏ హద్దునకు లోబడి యుండును?

కావున మార్కెటు యార్డుల యధికారులను, వర్తకులను మేము కోరునది స్వల్పము. చక్రముల బండ్లు ఉంచుడు. వీపు కెత్తుటకు తోడుమనుష్యు నిండు. నడుమ విశ్రాంతి నిచ్చి దానికి కూలి కోయకుడు. గృహస్థులారా, సిలిండరు మోసికొని మూడవ యంతస్తు ఎక్కి వచ్చినవానికి ఒక చేయి యిండు. తన వెన్ను కాపాడుకొని ఎదుటివాని వెన్ను విఱుచుట ఆరోగ్యధర్మము కాదు.