రీలుకు తక్‌పట్టీ ఏదీ?



కొంచెం పెద్ద పోస్టు. హాస్టల్‌ల తిన్నంక తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే కింద తిట్టండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

ఈ మధ్య మన గ్రూపులో షాపు పోస్టులు బాగా పెరిగినయి. అద్దాల బ్యాగులు, గవ్వల పర్సులు, కాంచళి పనితనం ఉన్న జాకెట్లు, అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు. ఒక రీలు, వెనక తీజ్ పాట, కింద ఒక లైను: "ట్రైబల్ హ్యాండ్‌మేడ్, లిమిటెడ్ స్టాక్, ధర కోసం డీఎం." మనోళ్లే గదా అని అందరం లైకు కొడుతున్నం, స్టేటస్ పెడుతున్నం.

ఆన్‌లైన్‌ల అమ్ముడు తప్పని నేను అంటలేను. వ్యాపారం మనకు కొత్త కూడా కాదు. రైళ్లు రాకముందు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు మోసింది బంజారాలే. దాన్నే మన పెద్దలు లదేణి అన్నరు. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ బతుకు పోయింది. బ్రిటిషోళ్లు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, ఆ తర్వాత కొన్ని చోట్ల లంబాడాలను కూడా అందులో చేర్చిండ్రు. నిన్నటిదాకా సరుకు మోసినోడు తెల్లారేసరికి దొంగ అయిండు. అట్లాంటి జాతి పిల్లలు మళ్లీ సొంతంగా షాపు పెడుతుంటే నాకు సంతోషమే.

నా కొట్లాట ఒక్కదాని మీదనే. ఆ రీళ్లల్ల పాట ఉంటది, లైటింగ్ ఉంటది, మోడల్ నవ్వు ఉంటది. కుట్టిన చెయ్యి ఎవరిదో ఉండదు. ఆమెకు ఎంత ముట్టిందో అసలే ఉండదు.

మాది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కోహెడ, సిద్దిపేట జిల్లా కోహెడ కాదు. ఇక్కడ పండ్ల మార్కెట్ ముచ్చట చిన్న పిల్లగానికి కూడా తెలుసు. మార్కెట్‌కు మామిడికాయ తెచ్చిన రైతుకు ఒక తక్‌పట్టీ ఇస్తరు. సరుకు ఎంత, ధర ఎంత, కోతలు ఏమేమి పోయినయి, చేతికి ఎంత వచ్చింది అన్నీ అందులో ఉండాలె. మార్కెట్‌ల మోసాలు లేవని కాదు. కానీ మోసం జరిగిందని నిలదీయడానికి రైతు చేతిలో ఆ కాగితం ముక్క అన్నా ఉంటది. మన తండాల అద్దాలు కుట్టే అవ్వ చేతిలో ఏమున్నది? "బిడ్డా, మంచిగ అమ్ముడువోయిందట" అన్న మాట ఒక్కటే.

లెక్క వేసి చూద్దాం. ఒక బ్యాగు మీద నిండుగా చేతికుట్టు వేయడానికి ఐదు రోజులు పట్టిందనుకోండి. ఉపాధి హామీ కూలీ తెలంగాణలో 2025-26కు రోజుకు 307 రూపాయలు. ఐదు రోజులకు 1,535. బట్ట, దారం, అద్దాలు, గవ్వలకు 300 వేసుకోండి. కొరియర్‌కు 80. మొత్తం 1,915. ఇది లాభం లేకుండా, షాపు నడిపే పిల్లగాని కష్టం కలపకుండా, మట్టి తవ్వినా వచ్చే కూలీ కట్టిన లెక్క. ఇప్పుడు ఆ రీలు కింద ఏముంటది? "ఆఫర్ ధర 999, ఫ్రీ షిప్పింగ్." అంటే 916 రూపాయలు ఎవరో ఒకరు జేబులకెళ్లి పెడుతున్నరు. కొనేటోడు పెట్టడు. షాపు తమ్ముడు పెట్టడు. ఇన్‌స్టాగ్రామ్ అసలే పెట్టదు. ఆ అవ్వే పెడుతున్నది. ఆమెకు జేబు లేదు కాబట్టి కండ్లతోని, నడుముతోని పెడుతున్నది. మనం దానికి "గిరిజన స్టార్టప్" అని పేరు పెట్టి చప్పట్లు కొడుతున్నం.

కొందరు సార్లు కాలేజీలకు వచ్చి చెప్తుంటరు, "ఉద్యోగాల కోసం చూడకండి, ఫోనే మీ షాపు, మీ నానమ్మ కళే మీ పెట్టుబడి" అని. వినడానికి బాగుంటది. అదే సారు తన పిల్లలను మాత్రం ఉద్యోగాలకే కోచింగ్‌కు తోలుతడు. నానమ్మ కళ పెట్టుబడి అయితే నానమ్మ వాటాదారు కావాలె గదా? వాటా ఏదీ అని అడిగితే "ఇంట్లోళ్ల మధ్య లెక్కలేంది" అంటరు. ఇంట్లోళ్ల మధ్య లెక్క లేని చోట మునిగేది ఎప్పుడూ ఆడోళ్లే. తండాల పుట్టిన ఆడపిల్లను అడగండి, చెప్తది.

బయటోళ్లు చేసేదీ చూద్దాం. బంజారాహిల్స్‌కు పేరు మనది, అక్కడ తండా లేదు. మా చిన్నమ్మ తన పెండ్లికి కుట్టుకున్న కాంచళి ఫొటో పోయినేడు ఒక బొటిక్ పేజీలో కనపడ్డది. మనిషి పేరు లేదు, ఊరు పేరు లేదు. కింద "రాజస్థానీ బోహో పీస్" అని రాసిండ్రు. మా తమ్ముడు మర్యాదగా మెసేజ్ పెడితే బ్లాక్ చేసిండ్రు. నాకు మస్తు కోపం వచ్చింది. తర్వాత మన షాపు పేజీలు తెరిచి చూసిన. అక్కడ కూడా మనిషి పేరు లేదు, ఊరు పేరు లేదు, ఉన్నది "ట్రైబల్ హ్యాండ్‌మేడ్" అనే మాట. బొటిక్‌ను తిట్టే హక్కు మనకు కావాల్నంటే ముందు మన పేజీల్లో ఆ పేరు కనపడాలె. కులం మనదైనంత మాత్రాన దోపిడీ దోపిడీ కాకుండా పోదు.

ఇంకో అబద్ధం కూడా తిరుగుతున్నది. "జీఐ ట్యాగ్ ఉన్న బంజారా ఎంబ్రాయిడరీ" అని రాస్తున్నరు. ఆ గుర్తింపు కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు వచ్చింది. మంచాల, యాచారం తండాల్లో కుట్టిన బ్యాగుకు ఆ ముద్ర వేస్తే అది సండూరు అక్కాచెల్లెళ్ల కష్టాన్ని దొంగిలించుడే. వాళ్లది ఊరికే వచ్చింది కాదు. ఏండ్ల తరబడి సండూరు కుశల కళా కేంద్రం కింద కూడి పనిచేసిండ్రు. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కలిసి చేసిన 1,755 వస్తువులను ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. ముందు సంఘం, తర్వాత ఫొటో. మనం ఫొటోతో మొదలుపెట్టి ఫొటోతోనే ఆగిపోతున్నం.

ఉట్నూరు వైపు చూడండి. ఆదివాసీ మహిళలు సహకార సంఘంగా కూడి, ఐటీడీఏ తోడ్పాటుతో ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. ఆ లడ్డూ వీడియోలు మీరంతా చూసే ఉంటరు. కానీ వీడియో వచ్చింది కాబట్టి సంఘం పుట్టలేదు. సంఘం ఉన్నది కాబట్టి వీడియో చూసి వచ్చిన ఆర్డరు డబ్బులు నలుగురికి పంచే దారి ఉన్నది.

ఇగ సోషల్ మీడియా సంగతి. "ఫాలోవర్లు పదివేలు అయితే చాలు, షాపు నిలబడ్డట్టే" అనే తమ్ముళ్లకు మా ఊరి కథ ఒకటి చెప్త. 2020ల కరోనా టైంకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను మా కోహెడకు తెచ్చిండ్రు. మామిడి సీజన్. ఆదరాబాదరాగా షెడ్లు వేసిండ్రు. మే 4న గాలివాన కొడితే ఆ షెడ్లు కూలి మనుషులు గాయపడ్డరు, కాయ పాడైంది. మార్కెట్ ఇక్కడ నిలువలే. ఇప్పుడు బాటసింగారంల నడుస్తున్నది. 178 ఎకరాల్లో కోహెడలో పెద్ద మార్కెట్ కడతమన్న మాట మాత్రం ఏండ్ల సంది వింటున్నం.

ఆ ఏడాదే, జూన్ 29న, కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు నిషేధించింది. లక్షల ఫాలోవర్లు ఉన్నోళ్ల పేజీలు కూడా ఒక్క దెబ్బకు మాయమైనయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటల దాకా బంద్ అయినయి. పరాయోని షెడ్డు కింద కాయ పోసినోని గతి అంతే. గాలి ఎప్పుడు కొడుతదో నిన్ను అడగదు. రీలు ఎవరికి చూపాలె, ఎవరికి దాచాలె అన్నది కూడా వాళ్ల ఇష్టమే. నిన్న వెయ్యి మందికి చేరిన పోస్టు రేపు యాభై మందికే చేరుతది, "బూస్ట్ చేయి, పైసలు కట్టు" అంటది. ఇది కూడా ఒక కమీషన్ ఏజెంటే. మార్కెట్ యార్డుల ఏజెంటు మొఖమన్నా కనపడతది, దీని మొఖం కనపడదు.

అందుకే రీలు చేయండి, కానీ రీలు మీదనే బతకకండి. కొన్న ప్రతి మనిషి పేరు, ఫోను నంబరు వాళ్లను అడిగి ఒక నోటుబుక్కుల రాసుకోండి. వాట్సాప్ బిజినెస్‌ల క్యాటలాగ్ పెట్టండి, ధరతో సహా. బ్రాడ్‌కాస్ట్ లిస్టుల ఒక్కోదాంట్ల 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే మెసేజ్ పోతది. కాబట్టి డబ్బాల ఒక చీటీ పెట్టి "మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగండి. రెండోసారి కొన్న యాభై మంది, లైకు కొట్టిన ఐదు వేల మంది కంటే ఎక్కువ.

"ధర కోసం డీఎం" మానండి. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల సారం ఏందంటే, మొత్తం ధర ఎంత, వాపసు ఎట్ల, ఫిర్యాదు ఎవరికి చెప్పాలె అన్నది కొనేటోనికి ముందే తెలవాలె. ధర దాస్తున్నమంటే మొఖం చూసి రేటు చెప్తున్నమనే అర్థం. ఫ్రీగా బ్యాగు తీసుకొని మెచ్చుకునే ఇన్‌ఫ్లూయెన్సర్ అక్కలకు కూడా ఒక మాట: అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాల్నని 2023 జనవరిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. జీఎస్టీ భయంతో పెద్ద సైట్ల వైపు పోనోళ్లు కూడా ఉన్నరు. పరిమితి లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారి సొంత రాష్ట్రం లోపల ఈ-కామర్స్ సైట్ల ద్వారా సరుకు అమ్మడానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకున్నా నడుస్తదని 2023 అక్టోబర్ 1 నుంచి వెసులుబాటు వచ్చింది. పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలె. బీకాం చదివే తమ్ముళ్లున్నరు గదా, రీలు ఎడిటింగ్ కంటే ముందు ఈ పని చేసిపెట్టండి.

ఇగ మీరు అనేవి నాకు తెలుసు.

"పేరు, ఊరు రాస్తే బయటోళ్లు నేరుగా ఆమె దగ్గరికే పోయి కొంటరు, మా షాపు మునుగుతది." పోనీయి తమ్మీ. ఆమెకు ఎక్కువ ధర ఇచ్చి కొంటే నీకేం బాధ? నీ షాపు నిలబడేది ఆమె అడ్రసు దాచినందుకే అయితే నువ్వు చేసేది దళారీ పని. నువ్వు ఫొటో తీస్తవు, ఆర్డరు రాస్తవు, కొరియర్ చేస్తవు, వాపసు వస్తే మాట పడతవు. అది కూడా కష్టమే. దానికి వాటా తీసుకో, బాజాప్తా తీసుకో. దాచకుండా తీసుకో.

"అంత ధర పెడితే ఎవడూ కొనడు." మిషన్ కుట్టుతో పోటీ పడితే కొనడు, నిజమే. అయితే నిండు కుట్టు కాకుండా చిన్న పని ఉన్న వస్తువు చేయండి. ఒక్క రోజుల అయిపోయే పర్సు, బుక్ కవర్, దుపట్టా అంచు. డిజైన్ తగ్గించు, కూలీ తగ్గించకు.

"మా అవ్వకు ఫొటో ఇష్టం లేదు." అయితే పెట్టకు. ఆమె వద్దంటే పేరు కూడా వద్దు, తండా పేరు చాలు. ఆమెను అడిగినవా లేదా అన్నదే నా ప్రశ్న. సుతారంగ అడుగు, ఆమె మాటల్ల, ఆమె భాషల అడుగు. ఆమె ముసలిది, ఆమెకేం తెలుసు అనుకోకు. లదేణిల బేరం చేసిన ఇంటి బిడ్డ, లెక్క నీకంటే బాగా తెలుసు.

చివరగా మన అడ్మిన్ అన్నలకు, అక్కలకు ఒక ప్రతిపాదన. తీసేయండి అని నేను అంటలేను, ప్రచారం ఆపండి అని అసలే అంటలేను. ఈ గ్రూపుల షాపు పోస్టు పెట్టాల్నంటే కింద నాలుగు లైన్ల తక్‌పట్టీ ఉండాలె:

1. చేసింది ఎవరు, ఏ తండా లేక ఏ గూడెం (ఆమె ఒప్పుకున్నంత వరకే).
2. ఎన్ని రోజుల పని.
3. అమ్మే ధర ఎంత, అందులో చేసిన మనిషికి ఎంత.
4. ఆ పైసలు ముట్టినయా, అమ్మినంక ముడుతయా.

నాలుగు లైన్లు రాయడానికి రెండు నిమిషాలు పడతది. రాయలేమంటే కారణం ఒక్కటే ఉంటది, ఆ కారణం మనందరికీ తెలుసు.

ఇది కష్టమైన రూలు కాదు. గోండు గూడెం తేనెకూ ఇదే, కోయపల్లె వెదురు బుట్టకూ ఇదే, చెంచు పెంటల నుంచి వచ్చే సరుకుకూ ఇదే. తక్‌పట్టీ ఉన్న పోస్టును నేను నా స్టేటస్‌ల పెడత, నా దోస్తులతో పెట్టిస్త, నా పైసలతో ఒకటి కొంట. తక్‌పట్టీ లేని పోస్టు కింద మాత్రం ఇయ్యాల్టి నుంచి ఒకే కామెంటు రాస్త. మీరు కూడా రాయండి:

"రీలు బాగుంది తమ్మీ. అవ్వకు ఎంత ముట్టింది?"