మూలన పడ్డ కంప్యూటర్ - మన బాధ్యత

వార్షికోత్సవ సంచిక అనగానే క్రమశిక్షణ, లక్ష్యసాధన, గురుభక్తి గురించి రాయడం మన ఆనవాయితీ. అవన్నీ అవసరమే. ఈసారి మాత్రం మేము మెకానిక్ పనిలా కనిపించే ఒక చిన్న విషయాన్ని మీ ముందు పెట్టదలచుకున్నాం. అది అప్‌డేట్ కాని కంప్యూటర్ సంగతి.

ఉపకార వేతనానికి ఈపాస్, డిగ్రీ సీటుకు దోస్త్, ఉద్యోగానికి పబ్లిక్ సర్వీస్ కమిషన్ - అన్ని దరఖాస్తులూ కంప్యూటర్‌లోనే. ఆధార్ నంబరు, కులధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా అన్నీ అందులోనే నమోదు చేస్తాం. హాస్టల్లో కంప్యూటర్ ఉండీ పనిచేయకపోతే బీచుపల్లి చుట్టుపక్కల విద్యార్థి ఎర్రవల్లి చౌరస్తాకో, కృష్ణ వంతెన దాటి పెబ్బేరుకో, కాదంటే గద్వాలకో బస్సెక్కాలి. నెట్ సెంటర్లో డబ్బు కట్టాలి, తన వివరాలు వేరేవాళ్ల చేతిలో పెట్టాలి. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి తరం. దరఖాస్తులో తప్పు దొర్లితే చూసి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. అందుకే మనలాంటి వాళ్లకు హాస్టల్ కంప్యూటర్ అలంకారం కాదు, ఆసరా.

అటువంటి కంప్యూటర్ తెర మీద "అప్‌డేట్ విఫలమైంది" అని ఒకటికి రెండుసార్లు వస్తే మనం ఏం చేస్తున్నాం? "పాతబడింది, పక్కన పెట్టండి" అంటున్నాం. దాని మీద గుడ్డ కప్పుతున్నాం. ఇది సరికాదని మా అభిప్రాయం.

మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పొలం పనులు చేసినవాళ్లే. జూరాల కాలువకు నీళ్లు వదిలినా చివరి మడికి చేరకపోతే రైతు పొలం అమ్ముకోడు. పార భుజాన వేసుకుని కాలువ వెంట నడుస్తాడు. ఎక్కడ గండి పడిందో, ఎక్కడ పూడిక అడ్డుపడిందో చూస్తాడు. కంప్యూటర్ దగ్గర కూడా చేయవలసింది అదే. పని మొదలుపెట్టే ముందు మన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ పోవాలి.

మొదట తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు అప్‌డేట్ పంపే సర్వర్ చూపించే భద్రతా పత్రం తేదీ కుదరక కంప్యూటర్ దాన్ని నమ్మదు. కొద్ది రూపాయల బ్యాటరీ మారిస్తే చాలు. తర్వాత సి డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో చూడండి. సినిమాలతో నిండిన డ్రైవ్‌లో అప్‌డేట్ కాలు పెట్టడానికి చోటుండదు. మూడోది నెట్. ఫోన్ హాట్‌స్పాట్‌ను "మీటర్డ్ కనెక్షన్"గా పెట్టి ఉంటే డేటా ఖర్చవుతుందని విండోస్ చాలా అప్‌డేట్లను దించుకోకుండా ఆపేస్తుంది.

ల్యాబుల్లో మరో చిక్కు ఉంది. పిల్లలు సెట్టింగులు మారుస్తారని కొన్నిచోట్ల ఫ్రీజ్ చేసే సాఫ్ట్‌వేర్ వేస్తారు. స్విచాఫ్ చేసి మళ్లీ వేయగానే కంప్యూటర్ పాత స్థితికి వస్తుంది. దాంతోపాటు సాయంత్రం వేసిన అప్‌డేట్ కూడా తెల్లారేసరికి మాయమవుతుంది. ఆ తాళం తీసి అప్‌డేట్ పూర్తిచేసి మళ్లీ వేయాలి.

ఇవేవీ కారణం కాకపోతే సగం దిగి పాడైన ఫైళ్లు ఉండొచ్చు. సెట్టింగుల్లోని ట్రబుల్‌షూటర్‌ను నడపాలి. అప్పటికీ కాకపోతే అప్‌డేట్ సేవను ఆపి, "సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్" ఫోల్డర్‌లో దిగిన ఫైళ్లను తీసేసి, సేవను తిరిగి మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, తెర మీద వచ్చిన తప్పు సంఖ్యను కాగితం మీద రాసుకోవాలి. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో ఎక్కలేదు. రికవరీ కోసం కేటాయించిన భాగంలో చోటు చాలకపోవడమే కారణం. తెర మీద సందేశంలో ఆ మాట లేదు, సంఖ్య ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకుని వెతికినవాళ్లకే దారి దొరికింది.

ఇంత శ్రమ దేనికని కొందరు అడుగుతారు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. అది వేసుకున్న విండోస్‌లోకి వైరస్ ఆ దారిన రాలేకపోయింది.

"అప్‌డేట్ చేస్తే ఉన్నదీ పోతుంది" అనే భయం కూడా పూర్తిగా తప్పని మేము అనము. 2024 జూలై 19న ఒక భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దీని నుంచి నేర్చుకోవలసింది అప్‌డేట్ మానేయమని కాదు. ముందు ఒక్క కంప్యూటర్లో వేసి, రెండు రోజులు చూసి, తర్వాత మిగతావాటిలో వేయాలి.

ఇక నిజంగానే వయసైపోయిన కంప్యూటర్ల మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు కావాలి. ప్రాసెసర్ కూడా ఆమోదించిన జాబితాలో ఉండాలి. మనకు దానంగా వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఆ యోగ్యత ఉండదు. అంతమాత్రాన వాటిని పాతసామాను కింద అమ్మేయాలా? ఉచితంగా దొరికే లినక్స్ వాటిలో హాయిగా నడుస్తుంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఆ దారిలోనే నడుస్తున్నాయి. మన దగ్గర 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే పనిచేసే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. దరఖాస్తు నింపడానికి, పాఠం చూడటానికి, తెలుగులో టైపు చేయడానికి ఇది చాలు.

ఇంతా చెప్పాక అసలు మాటకొస్తాం. కంప్యూటర్‌కు జబ్బు చేస్తే చూసే హక్కు విద్యార్థికి లేకపోవడమే పెద్ద జబ్బు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కడో ఉంటుంది, దాన్ని పెట్టిన మనిషి బదిలీ అయిపోయి ఉంటాడు. "ముట్టుకుంటే పాడవుతుంది" అనే మాట మనలో చాలామందికి కొత్తది కాదు. ముట్టుకోనిదే ఎవరూ ఏదీ నేర్చుకోలేరు.

కాబట్టి మా విన్నపాలు మూడు. వార్డెన్ సార్లకు: భోజనానికి కమిటీ ఉన్నట్టే కంప్యూటర్‌కూ ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో కమిటీ వేయండి, పాస్‌వర్డ్ మీతోపాటు వాళ్ల దగ్గరా ఉంచండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు: పాత కంప్యూటర్ ఇచ్చేటప్పుడు అది ఏ ఆపరేటింగ్ సిస్టంతో నడవగలదో చూసి ఇవ్వండి, వీలైతే ఒక ఆదివారం వచ్చి తమ్ముళ్ల పక్కన కూర్చోండి. తమ్ముళ్లకు: కంప్యూటర్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. వచ్చిన తప్పు సంఖ్య, చేసిన ప్రయత్నం, దొరికిన ఫలితం తేదీతో సహా రాయండి. వచ్చే ఏడు కొత్తగా చేరే పిల్లలకు ఆ పుస్తకమే గురువు.

గుడ్డ తీయండి, స్విచ్ వేయండి, ముందు తేదీ చూడండి. మిగతా దారి నడుస్తూ ఉంటే కనిపిస్తుంది.