ప్లాస్టిక్ పచ్చిక - నీటి లెక్క

భిలాయ్ పేరు మీరు వినే ఉంటారు. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన అక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో ఎన్నో స్థిరపడ్డాయి. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఇంటి ముందరి గడ్డి మాడిపోతుంది. అలాంటి చోట కృత్రిమ పచ్చిక పరిస్తే నీరు మిగులుతుందని, పర్యావరణానికి మేలని అమ్మేవాళ్ళు చెబుతారు. ఇది ఎంతవరకు నిజం?

కొంత నిజమే. దానిని రోజూ తడపనక్కరలేదు. ఎరువు, పురుగుమందు, కోత యంత్రానికి పెట్రోలు అక్కరలేదు. భిలాయ్‌కు నీరిచ్చే తాందులా జలాశయమే పొలాలనూ తడపాలి, కర్మాగారానికీ అందాలి. కనుక నీటి పొదుపు చిన్న విషయం కాదు. పొద్దస్తమానం పిల్లలు తొక్కే ఆటస్థలానికైతే నేనూ కృత్రిమ పచ్చికకు సరేనంటాను. (హాకీ సంగతి వేరు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని కృత్రిమ పచ్చికపై ఆడించారు. ఆ తర్వాత పెద్ద పోటీలన్నీ దాని మీదికే మారాయి. అయితే బంతి సాఫీగా దొర్లాలని ఆటకు ముందు ఆ మైదానాలను వేల లీటర్ల నీటితో తడుపుతూ వచ్చారు!)

ఇంటి ముంగిలి లెక్క ఇలా ఉండదు. ప్రాణమున్న గడ్డి నేలలోని నీటిని పీల్చి ఆకుల ద్వారా ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరి వేడిని వెంట తీసుకుపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రం వల్లనే. ప్లాస్టిక్ పోగులకు ఈ శక్తి లేదు. మండే ఎండలో వాటి ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు. కాలు పెట్టాలంటే నీళ్ళు చల్లాలి. దుమ్ము పేరుకుంటే కడగాలి. మిగిలిందనుకున్న నీరు కొంత ఇలా పోతుంది. పదిపదిహేనేళ్ళకు పోగులు అరిగి ఊడితే ఆ చెత్త మట్టిలో కలవదు. ఇలాంటి మైదానాల్లో పోసే రబ్బరు గుళికల అమ్మకం 2031 నుంచి ఆగిపోయేలా ఐరోపా యూనియన్ 2023లోనే నిబంధన చేసింది.

నన్నడిగితే గరిక మేలు. వినాయకచవితికి మనం తెచ్చుకునే ఈ గడ్డినే భిలాయ్‌లో దూబ్ అంటారు. ఎండకు ఆకు మాడినా నేలలోని కాండం చావదు. తొలకరి పడగానే మళ్ళీ చిగురిస్తుంది. వేసవిలో దానిని పచ్చగా ఉంచాలని పట్టుబట్టడం వల్లనే నీరు ఖర్చవుతోంది. రెండు నెలలు ముంగిలి ఎండుగడ్డి రంగులో ఉంటే మనకు వచ్చే నష్టం ఏమిటి?

చేసి చూడండి: మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో ఉన్న ప్లాస్టిక్ చాపను, పక్కనే ఉన్న పచ్చి గరికను అరచేత్తో తాకండి. రెండింటి మీద చెరో చెంబెడు నీళ్ళు పోయండి. అరగంట తర్వాత మళ్ళీ తాకి, తేడాను మీ నోటుపుస్తకంలో రాసుకోండి.